ఒకే ఇంట్లో రెండు దాహాలు

ఫిబ్రవరి 3

ఇంటికి వచ్చేశాను.

మెట్లెక్కుతుంటే మా ఆయన మోచెయ్యి పట్టుకున్నారు. వెనకాల వదిన సంచులు మోసుకొచ్చింది. మామయ్యగారు తలుపు దగ్గరే కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. నన్ను చూడగానే, "జన్మంతా లిఫ్టు నడిపినవాడి కొడుకు లిఫ్టు లేని కొంపలో కాపురం పెట్టాడమ్మా. ఎవరితో చెప్పుకోను?" అన్నారు. నవ్వొచ్చింది. నవ్వితే కుట్లు లాగాయి. ఆయన గాభరాపడి, "సర్లే, ఇకనుంచి జోకులు కాస్త తగ్గించి వేస్తాలే" అన్నారు.

జరిగింది ఒక్కసారి రాసేసి వదిలేస్తాను. పేగుకి రక్తం అందలేదు. చచ్చిన భాగమంతా కోసి తీసేశారు. మిగిలిన కాస్త పేగు కొసను పొట్ట మీదకి తెచ్చి, దానికొక సంచి అంటించారు. తిన్నదీ తాగిందీ అందులోకి వచ్చేస్తుంది. అంతే. ఇంతకు మించి రాయడానికి ఏముంది.

ఫిబ్రవరి 5

సంచి మార్చడం నేర్పే నర్సు ఇంటికొచ్చింది. చిన్నపిల్ల, కానీ మాట కచ్చితం.

"దాహం వేస్తే నీళ్ళు తాగకండి" అంది.

నేను సరిగ్గా వినలేదనుకున్నాను. "తాగమన్నారా?"

"వద్దన్నాను. మామూలు నీళ్ళు మీ పేగులో ఆగవు. పోతూ పోతూ ఒంట్లో ఉన్న ఉప్పుని కూడా వెంటబెట్టుకుని పోతాయి. ఎంత తాగితే అంత ఎండిపోతారు."

తన సంచిలోంచి పొడి పొట్లం తీసింది. ఒక పొట్లానికి ఎన్ని నీళ్ళు రాసుంటే అన్నే పోయాలి. రుచి బాగాలేదని పలచన చేసినా, పని తొందరగా అవుతుందని చిక్కగా కలిపినా నష్టమే. గటగటా తాగకూడదు, రోజంతా కొంచెం కొంచెం తాగాలి. ఉప్పూ చక్కెరా సరైన పాళ్ళలో కలిసి వెళ్తేనే పేగు లోపలికి రానిస్తుందట. మామూలు నీళ్ళు రోజుకి రెండు చిన్న గ్లాసులు. టీ, కాఫీ, పళ్ళరసం ఏది తాగినా అవీ ఆ రెండు గ్లాసుల్లోకే. కూరల్లో మాత్రం ఉప్పు దండిగా వేసుకోవచ్చు.

"ఎన్నాళ్ళిలా?" అన్నాను.

"మిగిలిన పేగు ఎంతవరకు నేర్చుకుంటుందో చూద్దాం."

నేను డ్రైవింగ్ స్కూల్లో బండి నేర్పేదాన్ని. ఆ మాట నాకు బాగా తెలుసు. ఎప్పటికీ రాదని తేలిపోయినవాళ్ళ ఇంటివాళ్ళతో నేను అదే మాట అంటాను.

ఫిబ్రవరి 6

ఆ పొడినీళ్ళు తాగితే చెమట పట్టిన చెయ్యి నాకినట్టుంది.

ఫిబ్రవరి 9

పొద్దున మా ఆయన టైర్ల గోడౌనుకి వెళ్ళిపోతారు. ఇంట్లో నేనూ మామయ్యగారూ మిగులుతాం. ముందు గదిలో ఆయన కుర్చీ కిటికీ పక్కన, నా మంచం గోడ పక్కన. ఆయన కాళ్ళు స్టూలు మీద. చీలమండ దగ్గర వేలితో నొక్కితే పడిన గుంట చాలాసేపు అలాగే ఉంటుంది. గుండె సగమే పనిచేస్తోందట. కిడ్నీలు కూడా నెమ్మదించాయి. రోజుకి ఒక సీసా నీళ్ళు, అందులోనే అన్నీ. ఉప్పు అసలు వద్దు. ఎన్ని రంగుల మాత్రలో.

ఇవాళ ఆయన తన సీసాని, ఫ్రిజ్ మీదున్న నా పొడినీళ్ళ కూజాని మార్చి మార్చి చూసి అన్నారు: "నీకు పోసింది నిలవదు, నాకు పోసింది పోదు. దేవుడు మనిద్దర్నీ కలిపి ఒకే మనిషిని చేసుంటే ఏ డాక్టరు దగ్గరికీ పోయే పనుండేది కాదు."

తర్వాత కూజా వైపు చెయ్యి చాచి, "నీ కూజాలోది ఒక్క గుక్క పోద్దూ. ఉప్పగా ఉంటుందటగా" అన్నారు.

పోయలేదు. నర్సు ముందే చెప్పింది. ఆ పొడిలో ఉప్పుతో పాటు పొటాషియం కూడా ఉంటుంది, గుండే కిడ్నీలూ బాగాలేనివాళ్ళు డాక్టరు చెప్పకుండా ముట్టుకోకూడదు అని. కూజాని ఆయనకు అందనంత ఎత్తులో పెట్టాను.

"పిసినారి కోడలా" అన్నారు.

ఫిబ్రవరి 10

వదిన మధ్యాహ్నం క్యారియర్ తెస్తుంది. బడి క్యాంటీన్లో వంట ముగించుకుని, అదే చేత్తో మాకూ రెండు డబ్బాలు కట్టుకొస్తుంది. ఎర్ర మూత నాది, ఉప్పు ఎక్కువ. తెల్ల మూత మామయ్యగారిది, చప్పిడి. ఆయన నాలుగు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకుంటారు. వదిన బతిమాలుతుంది. ఊరంతటికీ రుచిగా వండేది నేను, కన్నతండ్రికి గడ్డి పెడుతున్నానే అని నా దగ్గర ఏడుస్తుంది. అత్తయ్యగారు పోయాక ఆయనకి వండిపెట్టింది ఆవిడే. పెళ్ళయ్యాక కూడా మానలేదు.

ఫిబ్రవరి 14

ఇవాళ నీళ్ళు తాగలేదు. నోరు పుక్కిలించానంతే.

ఫిబ్రవరి 20

ఇంట్లో ఇవాళ సంబరం. వదిన ఒక ఉప్పు డబ్బా తెచ్చింది.

"షాపువాడిని అడిగి మరీ తెచ్చానే. ఉప్పు మానెయ్యాల్సిన వాళ్ళకోసమే చేశారట. సోడియం సగానికి సగం ఉండదట. ఇదిగో, డబ్బా మీద గుండె బొమ్మ కూడా వేశారు చూడు."

తెల్ల మూత డబ్బాలో కూర మీద చల్లి కలిపి ఇచ్చింది. మామయ్యగారు ఒక ముద్ద పెట్టుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. మళ్ళీ పెట్టుకున్నారు. మేమిద్దరం ఆయన్నే చూస్తున్నాం.

"మనిషినయ్యానే అమ్మా" అన్నారు.

వదిన గబగబా వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పింది. ఏడుపు వినపడకూడదని. కుళాయి చప్పుడు వింటూ నేను మంచం పట్టె గట్టిగా పట్టుకున్నాను. అది వేరే సంగతి.

ఫిబ్రవరి 24

డబ్బా ఆయన కుర్చీ పక్కనే ఉంటోంది. వదిన వేసింది చాలక పైన ఇంకాస్త చల్లుకుంటున్నారు. "నాలిక చివర కాస్త చేదు తగులుతుందే. తగలనీ" అంటారు. క్యారియర్ ఖాళీ అవుతోంది. నిన్న మా ఆయన కూడా, "అక్కా, నాన్న మొహం తేటగా లేదూ?" అన్నారు. ఉంది. నేనూ చూశాను.

మార్చి 2

మళ్ళీ పనిలోకి. ఇంట్లో అందరూ వద్దన్నారు. నేను వినలేదు.

బండి నేర్చుకోడానికి నా పక్కన కూర్చున్నది చిన్నపిల్లల బడి టీచరు. మేం ఆవిడకి సారీ టీచరని పేరు పెట్టుకున్నాం. ఎదురుగా ఏ బండి వచ్చినా సారీ అంటుంది, అద్దాల్లోంచి వాళ్ళకి వినపడదు కదా అని కూడా అనుకోదు. రెండు వీధులు తిరిగేసరికి నా సంచి నిండిపోయింది. పెట్రోలు బంకులో ఆపించి లోపలికి వెళ్ళొచ్చాను. "సారీ మేడమ్" అంది, తన తప్పేదో ఉన్నట్టు.

మా డ్రైవింగ్ స్కూలు ఓనరు మంచివాడు. చల్లటి సీసా ఒకటి తెచ్చి చేతిలో పెట్టాడు. నీలం రంగు. "ఎలక్ట్రొలైట్ డ్రింకమ్మా. మావాడు జిమ్ముకి పోయి ఇదే తాగుతాడు. నీకు ఇలాంటివే కదా కావాల్సింది?"

నాకు కావాల్సింది అదే. డాక్టర్లు చెప్పిన మాటే సీసా మీద ఉంది. అందుకే తాగాను, చల్లగా ఉందని కాదు.

ఆ చల్లదనం ఇంకా గొంతులో ఉంది.

మార్చి 3

రోజంతా సంచి ఖాళీ చెయ్యడంతోనే సరిపోయింది. నర్సుకి ఫోను చేస్తే అరిచింది. "అది పరిగెత్తి చెమట కార్చినవాళ్ళకి. అందులో చక్కెర ఎక్కువ, ఉప్పు తక్కువ. మీ ఒంట్లో ఉన్నదంతా లాక్కుని పోతుంది. పేరు ఒకటైనంత మాత్రాన పని ఒకటి కాదండీ. సీసా మీద పేరు చూసి తాగకండి, ఏది కొన్నా ముందు నన్నడగండి."

అడుగుతానన్నాను.

మార్చి 8

నీళ్ళు తాగలేదు. ఐసు ముక్క చప్పరించాను. ఐసు నీళ్ళ కిందికి రాదు.

మార్చి 11

సారీ టీచరు మలుపు సరిగ్గా తిప్పలేకపోతుంటే స్టీరింగ్ మీద చెయ్యి వేశాను. వేసిన చెయ్యి మళ్ళీ రాలేదు. చిటికెడు ఉప్పు తీసేటప్పుడు అయిదు వేళ్ళూ ఎలా దగ్గరికొస్తాయో అలా వచ్చి బిగుసుకుపోయాయి. మణికట్టు లోపలికి వంగిపోయింది. నేను విప్పుదామంటే విడవదు. పెదాల చుట్టూ చీమలు పాకినట్టు. బండి మలుపు దాటి గోడ మీదకి పోతోంది. నేను అరవలేకపోయాను. ఆవిడే బ్రేకు తొక్కింది. జన్మలో మొదటిసారి సరైన సమయానికి తొక్కింది.

అప్పుడు కూడా సారీ అంది.

ఆసుపత్రిలో చేతికి సూది పెట్టి మెగ్నీషియం ఎక్కించారు. సోడియం కూడా తగ్గిందట. డాక్టరు కాగితం చూస్తూ అడిగారు: "నీళ్ళు తాగుతున్నారా?"

"లేదు."

ఆయన ఇంకోసారి అడగలేదు. కాగితంలో ఉన్నట్టుంది.

మార్చి 12

ఇవాళ మామయ్యగారి రక్తపరీక్ష రోజు. మా ఆయనకి ఒక్క సెలవే దొరికింది, అది నా పక్కన కూర్చోడానికి సరిపోయింది. మామయ్యగారి పరీక్ష వచ్చే నెలకి మార్చాం. ఆయనే మార్చమన్నారు. "నాకేం, దివ్యంగా తింటున్నా. ముందు దాని సంగతి చూడరా" అన్నారట.

మార్చి 15

ఓనరు ఇంటికొచ్చి పళ్ళు పెట్టి వెళ్ళాడు. "తొందరేం లేదమ్మా, పూర్తిగా కోలుకున్నాకే రా." నా సీటులో కొత్తమ్మాయిని పెట్టారని సారీ టీచరు మెసేజ్ పెట్టింది. చివర సారీ అని ఉంది.

మార్చి 18

మామయ్యగారు నీరసంగా ఉన్నారు. కుర్చీలోంచి లేవడానికి రెండు చేతులూ ఆనించాల్సి వస్తోంది. "కాళ్ళకి ఇసుక మూటలు కట్టినట్టుందే" అన్నారు. గడ్డం గీసుకోవడం మానేశారు. వయసు. గుండె. ఎండలు కూడా మొదలయ్యాయి. వదిన బలానికని ఆలుగడ్డలు ఉడికించి తెస్తోంది, అరటిపళ్ళు తెస్తోంది. ఆయన అన్నిటి మీదా ఆ ఉప్పే చల్లుకుంటున్నారు. అరటిపండు మీద కూడా చల్లితే నేను నవ్వాను.

నా కూజా మాత్రం ఆయనకి అందకుండానే ఉంది. ఆ విషయంలో నేను జాగ్రత్త.

మార్చి 21

ఇవాళ దొరికిపోయాను.

పొద్దున్నే, మా ఆయన వెళ్ళగానే, వంటింట్లో కుళాయి దగ్గర గ్లాసు పట్టుకుని ఉన్నాను. వెనక గోడ పట్టుకుని మామయ్యగారు. ఆయన అంత దూరం నడిచి వస్తారని నేననుకోలేదు. గ్లాసు వెనక్కి దాచాను, చిన్నపిల్లలాగ.

"నోరు తడుపుకుంటున్నా మామయ్యా."

"తాగు తల్లీ."

"వద్దన్నారు కదా."

"నాకూ వద్దన్నారు. ఇద్దరం మానేసి సాధించిందేముందిక్కడ?" వచ్చి స్టూలు మీద కూర్చున్నారు. ఆయాసం తీరేదాకా ఆగి అన్నారు: "ఒక్క గ్లాసు తాగు. నేను చూస్తా. నువ్వు తాగుతుంటే నాకు తీరుతుందేమో."

తాగాను. ఆయన ఎదురుగా నిలబడి, నిండు గ్లాసు, ఆపకుండా. నా గొంతు కదిలినప్పుడల్లా ఆయన ఉత్త గుటకలు మింగారు. గ్లాసు దించాక పెదాలు నాలికతో తడుపుకుని, "చల్లగా ఉన్నాయా?" అని అడిగారు.

"చల్లగా ఉన్నాయి."

"బాగుంది" అన్నారు.

ఇంతదాకా ఈ పేజీల్లో నీళ్ళు తాగలేదని రాసిన రోజులన్నీ తాగిన రోజులే. ఎవరికోసం దాచానో. ఇది చదివేది నేనొక్కదాన్నేగా.

మార్చి 26

మార్చి 27

మామయ్యగారు లేరు.

ఏప్రిల్ 3

ఇవాళ రాయగలననుకుంటున్నాను.

ఆ రోజు పొద్దున కాఫీ కప్పు ఆయన చేతిలోంచి జారింది. తుడుద్దామని వంగితే, "వదిలెయ్ అమ్మాయ్. ఛాతీలో లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగినట్టుంది" అన్నారు. ఎప్పటి జోకే అనుకుని తలెత్తాను. మొహం బూడిదరంగులో ఉంది. నాడి పట్టుకుంటే ఒకటి కొట్టి, చాలాసేపు ఆగి, ఇంకొకటి. అంబులెన్సులో నా చెయ్యి వదల్లేదు. "అందర్నీ పైకి పంపే ఉద్యోగం చేశాను కదే" అన్నారు. మిగతాది అనలేదు.

ఎమర్జెన్సీలో గుండె చప్పుడు గీసే కాగితం చూడగానే డాక్టరమ్మ పరుగెత్తింది. ఏవో ఇంజెక్షన్లు ఇస్తూనే నన్నడిగింది, ఏ మాత్రలు వాడుతున్నారు, ఏం తింటున్నారు. పొట్లాల పొడి ఏమైనా తాగారా అంది. ఒక్క గుక్క కూడా ఇవ్వలేదని గర్వంగా చెప్పాను. గర్వంగానే చెప్పాను.

"ఉప్పుకి బదులు ఇంకేమైనా వాడుతున్నారా?"

"ఉప్పు తక్కువున్న ఉప్పు" అన్నాను. "సోడియం తగ్గించింది. గుండె బొమ్మ ఉన్నది."

ఆమె చేతులు పని ఆపలేదు. కళ్ళు మాత్రం ఒక్క క్షణం నా మీద నిలిచాయి.

ఆయన్ని దక్కించుకోలేకపోయాక, కారిడార్లో నా పక్కన కూర్చుని చెప్పింది. మెల్లగా, తప్పు ఎవరిదో వెతకకుండా. "సోడియం తీసేసిన చోట పొటాషియం వేస్తారమ్మా. మామూలు మనుషులకి ఏమీ కాదు, కొందరికి మంచిది కూడా. ఈయన గుండె కోసం వేసుకునే మాత్రల్లో రెండు ఆ పొటాషియాన్ని బయటికి పోనివ్వవు. కిడ్నీలూ పంపలేవు. అది పేరుకుపోతే గుండె ఆగిపోతుంది. పరీక్ష చేసి ఉంటే తెలిసేది."

పరీక్ష నా వల్ల వాయిదా పడిందని ఆమెకి తెలియదు.

అప్పుడే వదిన వచ్చింది, క్యాంటీన్ ఏప్రనుతోనే. మా ఆయన ఇంకా దారిలోనే ఉన్నారు. వదిన చేతిలో క్యారియర్. ఎవరో ఫోను చేసి నాన్నని ఆసుపత్రికి తీసుకెళ్ళారని చెబితే, వండింది ఉన్నట్టే పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"ఏమైనా తిన్నాడా?" అని అడిగింది.

ఏప్రిల్ 4

గుండె ఆగిపోయిందని మా ఆయనకి చెప్పాను. అందరికీ అదే చెప్పాను. అబద్ధం కాదు.

ఏప్రిల్ 5

ఎవరికీ చెప్పను. చెబితే ఆయన తిరిగొస్తారా. వదిన ఏమైపోతుంది.

ఏప్రిల్ 8

ఎవరికీ చెప్పను.

ఏప్రిల్ 10

వదిన మళ్ళీ క్యారియర్ తెచ్చింది. విప్పితే రెండు డబ్బాలు. ఎర్ర మూత, తెల్ల మూత. తనే చూసుకుంది. తర్వాత తెల్ల మూత డబ్బా తీసుకుని, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని తనే తినేసింది. "చివరి నెల అయినా కడుపునిండా తిన్నాడే. ఆ ఒక్క పుణ్యమైనా చేసుకున్నా" అంది.

నేను అవునన్నాను. అవును వదినా, అన్నాను.

నా పొట్లం కలుపుకుంటూ, ఈ పొడిని ఎత్తున పెట్టి కాపలా కాసిన నా తెలివికి నాకే రోత పుట్టింది. అక్కడేమో ఆ ఉప్పు డబ్బా ఆయన కుర్చీ పక్కనే ఉండేది.

ఏప్రిల్ 17

వదిన వచ్చి కూర్చోగానే కాళ్ళు నొక్కుకుంది. "బరువుగా ఉంటున్నాయే ఈమధ్య. మెట్లెక్కితే గుండె తడబడుతోంది. నాన్న దిగులు కాబోలు."

"బీపీ మాత్రలు వేసుకుంటున్నావా?"

"వేసుకుంటున్నా. మొన్నామధ్య మార్చాడు మా డాక్టరు. నాన్నకి రాసినవాటిలోదే ఒకటి నాకూ రాశాడు. షుగరుంది కదా, కిడ్నీలకి కూడా మంచిదన్నాడు." కళ్ళొత్తుకుంది. "ఆ ఉప్పు డబ్బా లేదూ, నాన్నది? పారెయ్యబుద్ధి కాలేదే. నేనే వేసుకుంటున్నా. అదయిపోతే ఇంకోటి తెచ్చుకున్నా. ఆ చేదు నాలిక్కి తగిలితే నాన్న పక్కనున్నట్టుంటుంది."

నేనేం అన్నానో తెలుసా. "ఎండలకి అయ్యుంటుందిలే" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది.

ఏప్రిల్ 18

పొద్దున్నే ఫోను చేశాను. "వదినా, ఆ ఉప్పు మానెయ్" అన్నాను.

"ఎందుకే?"

"బీపీ ఉన్నవాళ్ళకి మంచిది కాదట."

"బీపీ ఉన్నవాళ్ళకోసమే చేశారే పిచ్చిదానా. డబ్బా మీదే ఉంది."

"డాక్టర్ని అడుగు పోనీ. రక్తపరీక్ష చేయించుకో."

"సెలవెక్కడిది? బడి సెలవులివ్వనీ, చూద్దాం."

కారణం చెప్పకుండా మాన్పించే దారి కోసం పొద్దంతా వెతికాను. మా ఆయన చేత చెప్పించాలా, వాళ్ళింటికెళ్ళి డబ్బా ఎత్తుకొచ్చేయాలా. ఎత్తుకొస్తే ఇంకోటి కొనుక్కుంటుంది. వదినని నేనెరుగుదును. తండ్రి తిన్నది అనుకున్నాక ఎవరి మాటా వినదు. ఆయన్ని చంపింది ఆ ఉప్పే అని తెలిస్తే తప్ప.

ఏప్రిల్ 19

బడి క్యాంటీనుకి వెళ్ళాను. పిల్లల భోజనాలు అయిపోయాయి. వదిన పెద్ద గిన్నె బోర్లించి లోపల రుద్దుతోంది. సగం ఒళ్ళు గిన్నెలోనే ఉంది. నన్ను చూసి, "ఇంత ఎండలో ఎందుకొచ్చావే? సంచి ఊడితే?" అంటూ స్టూలు జరిపింది.

కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనని తెలుసు.

చెప్పాను. డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు. పొటాషియం, మాత్రలు, కిడ్నీలు. నా మెగ్నీషియం కోసం వాయిదా వేసిన ఆయన పరీక్ష. నువ్వు వేసుకుంటున్న మాత్ర కూడా ఆ జాతిదే, అందుకే నీ కాళ్ళు బరువు, ఇవాళే పరీక్ష చేయించు అని. గొంతు వణక్కుండా చెప్పాను, కొత్తవాళ్ళకి గేర్లు చెప్పినట్టు.

వదిన చేతిలో పీచు అలాగే ఉంది. దాన్నుంచి నురగ కారుతోంది.

"నాన్నకి నేను పెట్టిందా?"

"నీకు తెలియదు వదినా. షాపువాడికి తెలియదు. ఎవరూ చెప్పలేదు."

"నేను పెట్టిందేనా, కాదా?"

కాదని ఎలా అనను. అవునని ఎలా అనను.

కుళాయి కింద చేతులు పెట్టింది. కడుక్కుంటూనే ఉంది. కుళాయి కట్టేశాక, నా వైపు తిరక్కుండా అడిగింది: "నీకెప్పుడు తెలుసు?"

"ఆ రోజే."

"ఇన్నాళ్ళూ నా చేతి కూడు ఎలా తిన్నావే?"

ఎర్ర మూత డబ్బాలు ఎన్నో. అన్నీ తిన్నాను. రుచిగానే ఉండేవి. ఆ మాట చెప్పలేదు.

ఏప్రిల్ 20

వదిన ఒక్కతే వెళ్ళి పరీక్ష చేయించుకుంది. పొటాషియం ఎక్కువే ఉందట, ప్రమాదం గీత దగ్గరికి వచ్చిందట. ఉప్పు మాన్పించి, మాత్ర మార్చారు. ఇంకొన్నాళ్ళు గమనించకపోయి ఉంటే అని డాక్టరు అన్నారట. ఇవన్నీ మా ఆయన చెప్పారు. వదిన నాకు ఫోను చెయ్యలేదు.

చెప్పి, ఆయన చాలాసేపు చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే ఉన్నారు. "నాతోనైనా చెప్పాల్సింది" అన్నారు.

"చెబితే ఏం చేసేవాళ్ళు?"

"ఏం చేసేవాణ్ణో. నువ్వొక్కదానివే మోసేదానివి కాదు కదా."

అరిచి ఉంటే బాగుండేది.

ఏప్రిల్ 24

మధ్యాహ్నాలు క్యారియర్ రావడం లేదు. నేనే ఏదో ఉడికించుకుంటున్నాను. కుర్చీ తీసి లోపల పెడదామనుకుని, జరిపి, మళ్ళీ అక్కడే పెట్టాను.

నీళ్ళు తాగడం లేదు. ఈసారి నిజం. ఎదురుగా కూర్చుని నా గొంతు చూసే మనిషి లేకపోయాక, ఆ దాహంలో రుచి పోయింది.

ఏప్రిల్ 29

నర్సు వచ్చింది. కాగితాలు చూసి పక్కన పెట్టింది. నీళ్ళు మానేసినా, పొడి సరిగ్గా కలిపి తాగుతున్నా, ఒంట్లో నిలవడం లేదట. పేగు నేర్చుకోలేదు. ఛాతీలో గొట్టం పెట్టి ఉప్పూ నీళ్ళూ నరంలోకే ఎక్కించాలి, ఇంట్లోనే, వారంలో ఎక్కువ రోజులు.

"ఇక బండి?" అన్నాను.

ఆ పిల్ల తల దించుకుంది. మొదటిసారి ఆమె మాట కచ్చితంగా రాలేదు.

మే 4

మా ఆయన భోజనం దగ్గర, అన్యమనస్కంగా, అక్క సంగతి చెప్పారు. క్యాంటీన్లో పిల్లలు గోల చేస్తున్నారట. కూరల్లో ఉప్పు ఉండటం లేదని. వండేదాకా బాగానే వండుతుందట, ఉప్పు దగ్గరికొచ్చేసరికి చెయ్యి రావడం లేదట. రుచి చూడమంటే చూడదట. రెండురోజులు చూసి, ఉప్పు వెయ్యడానికి ఇంకొకామెని పెట్టారు. వాళ్ళింట్లోనూ మొత్తం చప్పిడే. వదిన భర్త విసుక్కుని బయట తింటున్నారట.

మే 6

మధ్యాహ్నం వదిన ఇంటికి వెళ్ళాను. రేపు గొట్టం పెడతారు, అంతకుముందే వెళ్ళాలనిపించింది. తలుపు తీసి పక్కకి తప్పుకుంది. రమ్మనలేదు, పొమ్మనలేదు.

చిక్కిపోయింది. పొయ్యి మీద ఏదో ఉడుకుతోంది. నేను వంటింట్లోకే వెళ్ళి చెక్క బల్ల మీద కూర్చున్నాను.

"ఆకలేస్తోంది వదినా" అన్నాను.

మాట్లాడకుండా కంచంలో అన్నం, కూర పెట్టి నా ముందు ఉంచింది. ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాను. ఆ చేతి వంటే. ఉప్పు ఒక్క రవ్వ లేదు.

"నాకు ఉప్పు కావాలి. ఉప్పు లేకుండా తింటే నేను పడిపోతాను. నీకు తెలుసుగా."

అరలో మామూలు ఉప్పు జాడీ ఉంది. వదిన అందుకోబోయింది. చెయ్యి సగం దూరం వెళ్ళి ఆగింది. నేను లేచి ఆమె చెయ్యి పట్టుకుందామనుకున్నాను. పట్టుకుంటే విదిలించుకుంటుందేమోనని భయపడి లేవలేదు.

చివరికి జాడీని మోచేత్తో నా వైపు నెట్టింది.

"నువ్వే వేసుకో" అంది.

తనూ కంచం పెట్టుకుని ఎదురుగా కూర్చుంది, చప్పిడి అన్నంతో. ఇద్దరం తిన్నాం. నేను ఎంత వేసుకున్నానో ఆమె చూడలేదు. గోడ వైపు తిరిగి తింటోంది.